సున్నం పడిన కన్ను, మొవ్వు చచ్చిన జొన్న

బేతంచెర్ల నుంచి కొలిమిగుండ్ల దాకా, అటు ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు, ఎటు తిరిగినా కాళ్ల కింద సున్నపురాయే. ఇంట్లో పరిచే నాపబండ అదే, సిమెంటు ఫ్యాక్టరీకి పోయే ముడిసరుకు అదే, బట్టీలో కాల్చి గోడకు కొట్టే సున్నం అదే, తమలపాకుకు వేలికొసతో రాసుకునేదీ అదే. రాయిగా ఉన్నంతకాలం దానితో పేచీ లేదు. తొమ్మిది వందల డిగ్రీల వేడిలో కాల్చి, ఆపైన నీళ్లు పోస్తే మాత్రం ఘాటైన క్షారం తయారవుతుంది. గోడకు సున్నం కొట్టేటప్పుడు పైనుంచి ఒక చుక్క జారి కంట్లో పడుతుంది. అంగట్లో దొరికే సున్నం ప్యాకెట్టును పిల్లలు ఆటకు పిసికితే అది టప్పున పగిలి నేరుగా మొహం మీదికి చిమ్ముతుంది. ఈ ప్యాకెట్టు గాయాల గురించి మన దేశపు కంటి డాక్టర్లు వైద్య పత్రికల్లో ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది.

యాసిడ్ పడితే కంటి పైపొరలోని ప్రొటీన్లు గడ్డకట్టి, ఆ గడ్డే కొంతవరకు అడ్డుగోడ అవుతుంది. సున్నానికి ఆ అడ్డు ఉండదు. కణాల పొరల్లోని కొవ్వును సబ్బు చేసుకుంటూ లోలోపలికి దిగుతుంది. రెప్పల కింద ఇరుక్కున్న పలుకు గంటల తరబడి కాలుస్తూనే ఉంటుంది. అందుకే సున్నం పడిన మరుక్షణం, డాక్టరు కోసం పరిగెత్తే ముందే, దొరికిన మంచినీళ్లతో అరగంట తక్కువ కాకుండా కడగాలి. రెప్ప తిప్పి పలుకులు తీయాలి. బిందె నీళ్లయినా, కుళాయి నీళ్లయినా సరే. ఆ అరగంట తర్వాత ఎంత గొప్ప ఆసుపత్రికి పోయినా, ఆ అరగంటలో దక్కేది మళ్లీ దక్కదు.

గాయం మానిందనుకున్నాక అసలు కథ మొదలవుతుంది. కొన్ని వారాలకు తెల్లగుడ్డు వైపు నుంచి రక్తనాళాలు నల్లగుడ్డు మీదికి పాకుతాయి. అద్దంలా ఉండాల్సిన పొర, అంటే కార్నియా, మసకబారి మందమవుతుంది. ఊళ్లో దాన్ని పువ్వు పడిందంటారు. పూర్వం డాక్టర్లు చేసింది సబబుగానే కనిపిస్తుంది: చనిపోయినవాళ్లు దానం చేసిన కార్నియాను తెచ్చి కుట్టేవాళ్లు. కొన్నాళ్లు బాగుండి, అదీ మసకబారిపోయేది. కుట్టు సరిగానే పడింది, దానమిచ్చిన కార్నియా మంచిదే. మరి లోపం ఎక్కడ?

లోపం నల్లగుడ్డులో లేదు, దాని అంచులో ఉంది. కార్నియా పైపొర ఐదారు వరుసల కణాలతో, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందాన ఉంటుంది. వారం పది రోజులకొకసారి ఆ పొర మొత్తం రాలిపోయి కొత్తది వస్తుంది. కొత్త కణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే వలయం నుంచి, లింబస్ నుంచి, మధ్యకు జరుగుతూ వస్తాయి. కార్నియా మూలకణాలు కాపురముండేది ఆ వలయంలోనే. సున్నం ఆ వలయాన్ని కాల్చేస్తే, పైన ఎన్నిసార్లు కొత్త కార్నియా కుట్టినా దానిమీద పొర పరిచే దిక్కు లేదు. పక్కనున్న తెల్లగుడ్డు పొర ఖాళీ చూసుకుని చొరబడుతుంది.

మూలకణం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే చక్కటి ఉదాహరణ నాకు తెలియదు. రెండు గుణాలు ఉండాలి. తనలాంటి కణాన్ని మళ్లీ పుట్టించుకుని వంశం నిలబెట్టుకోవాలి. అదే సమయంలో, ఒక పనికి కుదురుకునే పిల్లకణాలను బయటకు పంపాలి. మూడోది కూడా ఉందని నేనంటాను, పాఠ్యపుస్తకాలు దాన్ని చివర్లో ఒక వాక్యంతో దాటేస్తాయి: ఉండాల్సిన చోట ఉండాలి. ఎముకల మజ్జలోని రక్తపు మూలకణాలను చూసి 1978లో రే స్కోఫీల్డ్ ఈ మాట అన్నాడు. మూలకణాన్ని మూలకణంగా నిలిపేది దాని చుట్టూ ఉన్న నెలవేనని, ఆ నెలవు దాటితే అది మామూలు కణంగా మారే దారి పడుతుందని. ఈ అర్ధశతాబ్దపు మూలకణ వైద్యంలో ఏది నిలిచింది, ఏది కూలింది అని లెక్క తీస్తే, నాకు కనబడే గీటురాయి ఈ నెలవే. సరైన కణాన్ని సరైన చోటికి చేర్చినవి నిలిచాయి. కణాన్ని ఎక్కడో పోసి, అదే దారి వెతుక్కుంటుందని చెప్పినవి చాలావరకు కూలాయి.

లింబస్ సంగతి బయటపడిన తీరు ముచ్చటైనది. 1971లో దవాంగర్, ఎవెన్సెన్ అనే ఇద్దరు, గినీపందుల కళ్లలో రంగున్న కణాలు అంచు నుంచి మధ్యకు చారలుగా జరగడం గమనించి, కార్నియాకు సరఫరా అక్కడి నుంచేనేమో అన్నారు. 1986లో తుంగ్ తియెన్ సన్ బృందం గట్టి రుజువు చూపింది. కార్నియా పైపొర కణాలన్నిటిలో కె3 అనే ఒక కెరటిన్ ప్రొటీన్ ఉంటుంది. లింబస్ అడుగు వరుసలో మాత్రం అది లేదు. అంటే ఆ వరుస ఇంకా కార్నియాగా పండలేదు, పచ్చిగా ఉంది. మూలకణాన్ని ఇప్పటికీ చాలాచోట్ల ఇలాగే పట్టుకుంటారు, దానిలో ఉన్నదాన్నిబట్టి కంటే లేనిదాన్నిబట్టి ఎక్కువ.

1989లో కెన్యన్, సెంగ్ ఒక కన్ను కాలినవాళ్లకు, బాగున్న కంటి అంచు నుంచి ముక్కలు తీసి కాలిన కంటికి అంటించారు. పని చేసింది. కాని పెద్ద ముక్కలే తీయాలి, ఉన్న ఒక్క మంచి కన్నుకూ ముప్పు తెచ్చుకోవడమే అది. 1997లో ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రినీ బృందం మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల ముక్కను ప్రయోగశాలలో పెంచి, పొరగా చేసి అతికించింది. అదే బృందం 2010లో 112 మంది ఫలితాలు ప్రకటించింది. 76.6 శాతం కళ్లలో పొర నిలిచింది. అందులోని ఒక లెక్క మరీ ముఖ్యం. అతికించిన పొరలో పి63 అనే గుర్తు ప్రకాశవంతంగా ఉన్న అసలైన మూలకణాలు 3 శాతానికి మించితే, నూటికి 78 మందిలో గెలుపు. ఆ వంతు తగ్గితే నూటికి 11 మందిలోనే. కణాల గుట్ట ఎంత పెద్దదనేది లెక్కలోకి రాలేదు, అందులో మూలకణాలు ఎన్ననేదే వచ్చింది. ఈ పద్ధతికి 2015లో ఐరోపాలో హోలోక్లార్ అనే పేరుతో అనుమతి దొరికింది. బ్రిటన్‌లో ఒక్కో కంటికి కట్టిన వెల 80,000 పౌండ్లు.

ఆ వెల చూసి కర్నూలు, కడప మనిషి నవ్వుకోవాల్సిందే. హైదరాబాదు బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కథ ఇక్కడే మొదలవుతుంది. సినిమా దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలంలో, డబ్బుతో, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో నెలకొల్పిన ఆసుపత్రి అది. కర్నూలు నుంచి బస్సెక్కితే పూట ప్రయాణం. అక్కడ వీరేందర్ సాంగ్వాన్, గీతా వేముగంటి తదితరులు 2001 నుంచి లింబస్ కణాలను పెంచి అతికించడం మొదలుపెట్టారు. వాళ్లు పశువుల సీరం, ఎలుక కణాలు వాడకుండా, రోగి సొంత సీరంతో, ఉమ్మనీటి సంచి పొర మీద కణాలను పెంచే పద్ధతి కుదుర్చుకున్నారు. పదేళ్లలో 200 మందికి చేసి, 71 శాతం నిలిచిందని 2011లో ప్రకటించారు.

ఆ తర్వాత వాళ్లు వేసిన అడుగు నా దృష్టిలో మరింత గొప్పది. ప్రయోగశాలలో కణాలు పెంచడానికి శుద్ధమైన గదులు, ఖరీదైన యంత్రాలు, వారాల సమయం కావాలి. జిల్లా కేంద్రాల్లో అవి ఉండవు. మరి ఆ పెంపకమేదో కంటిమీదనే ఎందుకు జరగకూడదు? 2012లో సాంగ్వాన్, సాయన్ బసు, షీలా మెక్‌నీల్, డి. బాలసుబ్రమణియన్ ప్రకటించిన పద్ధతి ఇది. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పు ముక్క తీస్తారు, ఆవగింజకు కాస్త పెద్దది. కాలిన కంటిమీద పాకిన నాళాల పొరను గీకి తీసేస్తారు. ఆ ఖాళీ మీద ఉమ్మనీటి సంచి పొరను ఫైబ్రిన్ జిగురుతో పరుస్తారు. అది సిజేరియన్ కాన్పుల్లో తల్లులు ఒప్పుకుని ఇచ్చింది, శుద్ధి చేసి దాచింది. తీసిన ముక్కను ఎనిమిది నుంచి పది పలుకులుగా కోసి, నల్లగుడ్డు నడిమధ్య చూపు దారిని వదిలి, దాని చుట్టూ గుండ్రంగా పేరుస్తారు. పైన మళ్లీ జిగురు, దానిమీద మెత్తటి కాంటాక్ట్ లెన్సు. అంతే. ఒక్కో పలుకు చుట్టూ కణాలు పాకి, కొద్ది వారాల్లో ఒకదానితో ఒకటి కలిసి అద్దంలాంటి పొర అవుతాయి.

125 మందికి ఇలా చేసి 2016లో లెక్క చెప్పారు. వాళ్లలో దాదాపు సగం పిల్లలే. సగటున ఏడాదిన్నర తర్వాత చూస్తే 76 శాతం కళ్లలో పొర నిలబడి ఉంది. 80,000 పౌండ్ల పద్ధతికి ఇది ఏమాత్రం తీసిపోదు, పైగా ఏ ఆపరేషను గదిలోనైనా చేయవచ్చు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో చేస్తున్నారు. చాలామంది మూలకణ వైద్యమంటే అమెరికాలోనో జపాన్‌లోనో పుట్టి మనకు పాతబడ్డాక వస్తుందనుకుంటారు. ఈ ఒక్క చోట దారి హైదరాబాదు నుంచి బయటికి పోయింది.

అయితే ఇది ఒక కన్ను కాలినవాళ్లకు. రెండు కళ్లూ పోయినవాళ్ల సంగతి కష్టం. తోబుట్టువుదో, మృతుల కంటిదో అంచు తేవాలి, దాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఏళ్లతరబడి మందులు మింగాలి. నోటి లోపలి పొర కణాలతో కూడా ప్రయత్నించారు. 2004లో కోజి నిషిదా బృందం ఆ ఫలితాలు ప్రకటించింది. దాని తరువాయి కథ మరో దారి నుంచి వస్తుంది. ఆ దారి అర్థం కావాలంటే ముందు ఒక చిక్కు ప్రశ్న విప్పుకోవాలి.

ఒక మనిషి కంటి కణంలో, చర్మపు కణంలో, కాలేయపు కణంలో ఉన్న డీఎన్‌ఏ ఒకటే. దాదాపు ఇరవై వేల జన్యువులు, అన్నిట్లో అవే. అయినా ఒకటి అద్దమైంది, ఇంకొకటి తోలైంది. తేడా ఏ జన్యువు తెరుచుకుని ఉంది, ఏది మూసుకుంది అన్నదే. ఈ తెరవడం, మూయడం చేసే ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి, అవి డీఎన్‌ఏ మీద తగిన చోట కూర్చుని మిగతా జన్యువులను నడుపుతాయి. కంటికి సంబంధించినంతవరకు పెద్ద పెత్తనం పాక్స్6ది. 2014లో ఒక పరిశోధన దీన్ని కళ్లకు కట్టింది. లింబస్ కణాల నుంచి పాక్స్6ను తీసేస్తే అవి చర్మపు కణాల్లా తయారయ్యాయి. చర్మపు మూలకణాలకు పాక్స్6 ఇస్తే అవి కార్నియా దారి పట్టాయి, కుందేళ్ల కళ్లలో పాడైన పొరను బాగుచేశాయి. అద్దానికీ తోలుకూ మధ్య గోడ ఇంత పలచనా అనిపిస్తుంది.

గోడ పలచనైనా, మామూలుగా ఎవరూ దాటరు. కాన్రాడ్ వాడింగ్టన్ అనే బ్రిటిష్ జీవశాస్త్రజ్ఞుడు 1957లో దీనికో బొమ్మ గీశాడు. కొండ పైనుంచి గోళీ దొర్లుకుంటూ వస్తుంది, లోయలు చీలిన చోటల్లా ఒక దారి ఎంచుకుంటుంది, చివరికి ఒక లోయలో ఆగుతుంది. మనకు కొండ కంటే కేసీ కాలువ బాగా అర్థమవుతుంది. సుంకేశుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరిన నీరు కడప దాకా 300 కిలోమీటర్ల పైచిలుకు నడిచే దారిలో తూములుగా, పంటకాలువలుగా, చివరికి మడవలుగా చీలుతుంది. సుంకేశుల దగ్గర ఏ పొలానికైనా పోగల నీరే. ఒక మడవ తిరిగి కయ్యలో పడ్డాక అది ఆ కయ్యదే. ఫలదీకరణ చెందిన అండం సుంకేశుల నీరు. శిశువుతో పాటు మాయను కూడా తయారుచేయగలదు. ఐదారు రోజుల పిండంలో లోపలి గుత్తి కణాలు కాస్త దిగువన ఉన్నవి, శరీరంలో ఏదైనా కాగలవు గాని మాయ కాలేవు. లింబస్ కణం ఒక పంటకాలువ, ఎముక మజ్జలోని రక్త మూలకణం ఇంకొకటి. తమ ఆయకట్టుకే నీళ్లు.

దిగువకు పోయేకొద్దీ మడవలు ఎలా మూసుకుంటాయన్నదే గత యాభై ఏళ్ల జీవశాస్త్రం. డీఎన్‌ఏ మీద మిథైల్ ముద్రలు పడతాయి. డీఎన్‌ఏ చుట్టుకున్న ప్రొటీన్ ఉండలు బిగుసుకుంటాయి. ఎదురెదురు ప్రొటీన్లు ఒకదాన్నొకటి అణచుకుంటాయి. రక్తపు మూలకణంలో గాటా1, పీయూ1 అనే రెండూ ఇలాంటి దాయాదులే. ఒకటి గెలిస్తే ఎర్రకణం దారి, రెండోది గెలిస్తే తెల్లకణం దారి. బయటి పరిసరం కూడా ఓటు వేస్తుంది. 2006లో ఆడం ఎంగ్లర్, డెనిస్ డిషర్ బృందం మజ్జ నుంచి తీసిన కణాలను మెత్తటి జెల్ మీద, గట్టి జెల్ మీద విడివిడిగా పెంచింది. మెదడంత మెత్తని దానిమీద పెరిగినవి నరాల కణాల పోలికలు, గట్టిదానిమీద పెరిగినవి ఎముక కణాల పోలికలు చూపాయి. నెలవు అన్న మాటకు నేనిచ్చే బరువు ఊరికే కాదు.

మూసిన మడవ తెరుచుకుంటుందా అనే ప్రశ్నకు మొదటి జవాబు 1962లో జాన్ గర్డన్ ఇచ్చాడు. తోకకప్ప పేగు కణపు కేంద్రకాన్ని తీసి, కేంద్రకం తీసేసిన కప్పగుడ్డులో పెట్టాడు. తోకకప్ప పుట్టింది. అంటే పేగు కణం తన జన్యువులేవీ పారేసుకోలేదు, మూసిపెట్టుకుంది అంతే. 1996 జులైలో పుట్టిన డాలీ అనే గొర్రె, పొదుగు కణంతో అదే సంగతిని పాలిచ్చే జంతువుల్లో రుజువు చేసింది. 277 ప్రయత్నాల్లో ఒక్కటి ఫలించింది, ఆ లెక్క చెప్పకుండా డాలీ గురించి మాట్లాడటం మోసం. గుడ్డులో ఉండే ఆ మాయాశక్తి ఏమిటో చెప్పింది మాత్రం షిన్యా యమనక. ఆయనకు ముందు 1987లో, మయోడి అనే ఒక్క జన్యువుతో చర్మం అడుగు కణాలను కండర కణాలుగా మార్చవచ్చని హెరాల్డ్ వైన్‌ట్రాబ్ బృందం చూపింది. యమనక 24 జన్యువులతో మొదలుపెట్టి, ఒక్కొక్కటి తీసేస్తూ వచ్చి, నాలుగు చాలని 2006లో ఎలుకల్లో, 2007లో మనుషుల్లో చూపించాడు. ఆ నాలుగూ వేస్తే చర్మపు కణం పిండపు కణాల స్థితికి ఎక్కిపోతుంది. కయ్యలో నీటిని సుంకేశులకు ఎత్తిపోయడమే. గర్డన్‌తో కలిసి 2012లో నోబెల్ పంచుకున్నాడు. మానవ పిండాల నుంచి 1998లో జేమ్స్ థామ్సన్ తీసిన కణాల చుట్టూ ముసిరిన నైతిక వివాదం దీనితో చాలావరకు చల్లారింది. కాని నాలుగింటిలో ఒకటైన సి-మిక్ క్యాన్సర్ జన్యువు. ఏ దారైనా పోగల కణాన్ని ఒంట్లో పెడితే గడ్డ కట్టదన్న భరోసా ఏది? ఆ భయం ఈ రంగాన్ని ఇప్పటికీ వదల్లేదు.

అందుకే నిషిదా బృందం 2024 నవంబరులో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన ఫలితాలకు విలువ. యమనక పద్ధతిలో తయారైన కణాలతో కార్నియా పొర పెంచి, లింబస్ దెబ్బతిన్న నలుగురికి అతికించారు. రెండేళ్లు చూశారు. గడ్డలు లేవు, పెద్ద ప్రమాదాలు లేవు. రెండు కళ్లూ కాలినవాడికి సొంత అంచు అక్కర్లేని దారి ఇది. నలుగురే కదా అనవచ్చు, నిజమే. అయినా పిండపు స్థితికి ఎక్కించిన కణాన్ని నేరుగా కంట్లో పోయలేదు. ముందు కార్నియాగా పండించి, కార్నియా ఉండాల్సిన చోట పెట్టారు.

మొక్కల సంగతికి వస్తే ఈ భయాలేవీ ఉండవు. జంతువుల కణాలు తమ మడవల్లో బిగుసుకుంటాయి, మొక్కలు అలా కాదు. కర్నూలు నల్లరేగడిలో రబీ జొన్న వేసిన ప్రతి రైతుకూ మొవ్వు ఈగ తెలుసు. మొలిచి రెండు మూడు వారాలైన మొక్కకు అది గుడ్డు పెడుతుంది. పురుగు లోపలికి దూరి, నడిమి మొవ్వును, అంటే కొస మూలకణాల ముద్దను కోసేస్తుంది. మధ్య ఆకు వాడి ఎండిపోతుంది, పట్టి లాగితే సులువుగా ఊడివస్తుంది, అడుగు కుళ్లి కంపు కొడుతుంది. మొవ్వు చచ్చిపోయిందంటారు. అయినా మొక్క చావదు. కింద కణుపుల్లో అణగి ఉన్న మొగ్గల్లోని మూలకణాలు నిద్రలేస్తాయి, పక్కల నుంచి పిలకలు తోసుకొస్తాయి. ఇన్నాళ్లూ పైకొస పంపే ఆక్సిన్ వాటిని అణచిపెట్టింది. కొస పోగానే ఆ పెత్తనం పోయింది. పిలకల కంకులు ఆలస్యంగా, సన్నగా వస్తాయి, దిగుబడి దెబ్బతింటుంది. కాని మనిషి కంట్లో ఇలా ఒక కొసరు లింబస్ దాగి ఉంటే ఎంత బాగుండేదో!

ఆక్సిన్, సైటోకైనిన్ అనే రెండు హార్మోన్ల పాళ్లే మొక్క కణం వేరవ్వాలో చిగురవ్వాలో తేలుస్తాయని స్కూగ్, మిల్లర్ 1957లో చూపారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సిప్రా గుహ, సతీశ్ మహేశ్వరి 1964లో ఉమ్మెత్త పువ్వు పరాగకోశాలను ప్రయోగశాలలో పెంచి, పుప్పొడి నుంచే పిండాలు మొలకెత్తడం చూపి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. మన దిబ్బల మీద పిచ్చిగా పెరిగే ఆ ఉమ్మెత్తే.

కడప జిల్లాలో మూలకణాల సాంకేతికతను రోజూ చేతుల్లో పట్టుకుంటున్నవాళ్లు డాక్టర్లు కారు, పులివెందుల చుట్టుపక్కల అరటి రైతులు. జి-9 అనే గ్రాండ్ నైన్ అరటికి విత్తనం లేదు. పూర్వం పిలకలు తవ్వి నాటేవాళ్లు, పిలకతో పాటు తెగుళ్లూ, నులిపురుగులూ వచ్చేవి, తోట అంతా ఒక్కసారి కోతకు వచ్చేది కాదు. ఇప్పుడు పిలక కొసలోని మొవ్వును కోసి, పోషకాల జెల్‌లో పెట్టి, సైటోకైనిన్‌తో గుత్తులుగా మొగ్గలు తెప్పిస్తారు. వాటిని విడగొట్టి మళ్లీ మళ్లీ పెంచి, ఆక్సిన్‌తో వేళ్లు పుట్టించి, షేడ్‌నెట్ కింద ఎండకు అలవాటు చేసి రైతుకు అమ్ముతారు. ఒకే వయసు మొక్కలు, ఒకే సారి గెలలు, డ్రిప్‌తో నీటి పొదుపు. మొగ్గలను మరీ ఎక్కువసార్లు విడగొడితే కొన్ని మొక్కలు దారి తప్పుతాయి, పొట్టిగానో, గెల వికారంగానో వస్తాయి. అందుకే మంచి ల్యాబ్ ఎన్నిసార్లు విడగొట్టాలో హద్దు పెట్టుకుంటుంది. నర్సరీలో మొక్క కొనేటప్పుడు రైతు అడగాల్సిన ప్రశ్న అదే, ఎక్కువమంది ధర ఒక్కటే అడుగుతారు.

ఇక రక్తం. మూలకణ వైద్యంలో అన్నిటికంటే పాతదీ, ఖాయమైనదీ ఇదే. జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లాక్ 1961లో టొరంటోలో, రేడియేషన్‌తో మజ్జ చచ్చిన ఎలుకలకు కొత్త మజ్జ ఎక్కించి, ఒక్కొక్క కణం నుంచి రకరకాల రక్తకణాల గుంపు పుట్టడం చూశారు. డోనల్ థామస్ మనుషులకు మజ్జ మార్పిడి చేసి 1990లో నోబెల్ అందుకున్నాడు. మజ్జ మూలకణానికి ఒక వరం ఉంది. నరంలోకి ఎక్కిస్తే చాలు, తన నెలవైన ఎముక లోపలికి తానే దారి వెతుక్కుంటుంది. ఏ ఇంజెక్షన్ కణమైనా ఇలాగే చేస్తుందని తర్వాతివాళ్లు ఆశపడటానికి ఈ వరమే కారణమైంది, ఆ ఆశే చాలా మోసాలకు మూలం.

సీమవాళ్లకు మజ్జ మార్పిడి అంటే ముందు గుర్తొచ్చేది రాయవేలూరే. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మామెన్ చాండీ ఆధ్వర్యంలో 1986లో మార్పిడులు మొదలయ్యాయి. తలసేమియా పిల్లలకు తోబుట్టువు మజ్జ సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాలు ఎక్కువైన సీమలో దీనికి రెండు ముఖాలున్నాయి. తల్లిదండ్రులిద్దరూ ఒకే లోపపు జన్యువు మోసే అవకాశం పెరిగి జబ్బు పుడుతుంది. అదే బంధుత్వం వల్ల, తోబుట్టువు దొరకకపోయినా దగ్గరి బంధువుల్లో సరిపోలే దాత దొరికే అవకాశమూ కాస్త పెరుగుతుంది. రెండోది చూపి మొదటిదాన్ని సమర్థించేవాళ్లు లేకపోలేదు. అది తలకిందుల వాదన. 2024 డిసెంబరులో అదే రాయవేలూరు నుంచి మరో కబురు వచ్చింది. తీవ్రమైన హీమోఫీలియా-ఎ ఉన్న ఐదుగురి సొంత మజ్జ మూలకణాల్లోకి, వాళ్లలో లోపించిన, రక్తం గడ్డకట్టించే ప్రొటీన్ జన్యువును చేర్చి తిరిగి ఎక్కించారు. అందరికీ కలిపి 81 నెలల పరిశీలనలో ఒక్కరికీ రక్తస్రావం కాలేదు.

ఇప్పుడు కూలిన గోడల సంగతి. గుండెలో మూలకణాలున్నాయని, వాటితో గుండెపోటు మచ్చలు మాన్పవచ్చని పియెరో అన్వెర్సా దాదాపు ఇరవై ఏళ్లు చెప్పాడు. అతని పత్రాల్లో 31 వెనక్కి తీసుకోవాలని 2018లో హార్వర్డే కోరింది. మరోవైపు యోనాస్ ఫ్రిసేన్ బృందం, అణుపరీక్షల నాటి కార్బన్-14 జాడలు పట్టుకుని గుండె కణాల వయసు లెక్కగట్టింది. ఇరవై ఐదేళ్ల వయసులో ఏడాదికి ఒక శాతం మాత్రమే కొత్తవి పుడతాయి, డెబ్బై ఐదేళ్లకు అది అర శాతం లోపు. గుండె తనంతట తాను పెద్దగా మరమ్మతు చేసుకోదు. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకు మారుతుంది, గుండె చాలా నెమ్మదిగా మాత్రమే మారుతుంది. ఒకే ఒంట్లో ఇంత తేడా.

మజ్జ నుంచి, కొవ్వు నుంచి తీసే మెసెంకైమల్ కణాలది ఇంకో కథ. ఆర్నాల్డ్ కాప్లన్ 1991లో వాటిని మూలకణాలన్నాడు. ఆయనే 2017లో, ఇవి ఒంట్లోకి ఎక్కించినచోట కొత్త కణజాలం కట్టడం లేదు, సంకేతాలు వెదజల్లుతున్నాయి, పేరు మార్చండి అని రాశాడు. ఎవరూ వినలేదు. మోకాలి నొప్పికి, మధుమేహానికి, పక్షవాతానికి, ఆటిజంకు ఆ కణాలే సూదిలో వస్తున్నాయి. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు పొలం అమ్మి ఇలాంటి సూదులకు పోస్తున్నారంటే, వాళ్ల అమాయకత్వం కంటే అమ్మేవాడి తెగువ నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. కంటి విషయంలో ఇది ఎంత దూరం పోగలదో ఫ్లోరిడాలో తేలింది. రెటీనా మధ్యభాగమైన మాక్యులా క్షీణించిన ముగ్గురు మహిళలకు 2015లో ఒక క్లినిక్‌లో పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలను రెండు కళ్లలోనూ ఒకే రోజు ఎక్కించారు. ఉన్న చూపు కూడా చాలావరకు పోయింది. ఒక్కొక్కరు ఐదు వేల డాలర్లు కట్టారు. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ దాన్ని నమోదు చేసింది. హైదరాబాదులో రెండు మిల్లీమీటర్ల ముక్క చూపు తెచ్చింది, ఫ్లోరిడాలో సిరంజి నిండా కణాలు చూపు తీశాయి. రెండిటినీ మూలకణ వైద్యమనే అంటారు.

కాన్పుకు ముందు వచ్చి, బొడ్డుతాడు రక్తం దాచిపెట్టండి, రేపు బిడ్డకు అదే సంజీవని అని చెప్పే ఏజెంట్లు పట్టణాల్లో ఉన్నారు. బిడ్డకు జన్యులోపంతో రక్తపు జబ్బు వస్తే, ఆ లోపం దాచిన రక్తంలోనూ ఉంటుంది కదా! సొంత వాడకం కోసం దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి చెప్పింది. బిడ్డ అన్నకో, అక్కకో ఇప్పటికే మజ్జ మార్పిడి అవసరమని తేలినప్పుడు దాచడం వేరు, దానికి అర్థం ఉంది.

2017లో ఆ మండలి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, నిర్దిష్టమైన రక్త సంబంధ జబ్బులకు చేసే మజ్జ, రక్త మూలకణ మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్స అంతా పరిశోధనే. అనుమతితో, నైతిక సంఘం పర్యవేక్షణలో, ట్రయల్‌గా మాత్రమే జరగాలి. ట్రయల్‌ను ముందుగా దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో నమోదు చేయాలన్న నియమం 2009 నుంచి ఉంది. ట్రయల్‌లో చేరినవాళ్ల దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. కాబట్టి మూలకణాల సూది వేస్తామని ఎవరైనా చెబితే, కడపలోనైనా బెంగళూరులోనైనా, ముందు అడగాల్సింది సీటీఆర్‌ఐ నంబరు. అది ఆన్‌లైన్‌లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. నంబరు చెప్పి బిల్లు కూడా చేతికిస్తే, అది ట్రయల్ కాదు.